నల్లదారం కట్టిన కాయ

ఆ సాయంత్రం ఆనపపాదు కింద నాగమణికి నాలుగు మగపూలు దొరికాయి. రాలిపడ్డవైతే పట్టించుకునేది కాదు, ఆనపకి మగపూలు రాలడం కొత్తేమీ కాదు. ఇవి ఎవరో చేత్తో తెంపినవి. కాడ మీద గోరు గాటు కనిపిస్తోంది. తెల్లటి రెక్కలన్నీ ఒలిచేసి ఉన్నాయి. మేకకి రెక్కలు ఒలుచుకుని తినే నాజూకు లేదు. పిల్లలైతే పువ్వు పట్టుకుని పరిగెడతారు తప్ప, ఇలా పాదు మొదట్లో ఒక పక్కగా పెట్టి పోరు. పాలకేంద్రం దగ్గర వరసలో నిలబడి పాలు తెచ్చుకుని వచ్చే గంటసేపట్లో ఎవరో పెరట్లోకి వచ్చి పోయారు. వచ్చినవాళ్ళు చుట్ట తాగుతారని కూడా తెలిసిపోయింది. ఆకుల మధ్య ఆ వాసన ఇంకా ఉంది.

చుట్ట తాగే మనిషి పక్కవాటాలోనే ఉంది.

మద్దిలపాలెంలో బస్సు డిపో వెనక సందులో పాపాయమ్మ ఇల్లు. వెనక వాటాలు రెండూ అద్దెకిచ్చింది. ఒకదాంట్లో నాగమణి, ఆమె మొగుడు చలమయ్య. చలమయ్య పోర్టులో క్రేను నడుపుతాడు. రెండోదాంట్లో అసిరమ్మ, ఆవిడ మొగుడు అప్పలసూరి. అతను డిపోలో బస్సులకి టైర్లు మారుస్తాడు. పెరళ్ళ మధ్య నడుమెత్తు గోడ, గోడకి ఒక చోట ఇటుకలు ఊడి మనిషి దూరేంత సందు. అసిరమ్మకి యాభై ఏళ్ళుంటాయి. రెండు ముక్కుపుడకలు, మోచేతుల దాకా పచ్చబొట్లు, నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అలవాటు. చేపలు కడిగిన నీళ్ళు తెచ్చి వంకాయ మొక్కలకి పోస్తుంది. గోదావరి లంకల్లో పెరిగిన నాగమణికి ఆ నీచువాసన పడదు, ఆ మాట పడదు, ఆ పొగ అసలే పడదు. ఐదేళ్ళుగా గోడకటూ ఇటూ ఉన్నా ఇద్దరి మధ్యా పది మాటలు నడిచి ఉంటే గొప్ప.

పడనిది ఇంకొకటి కూడా ఉంది. నాగమణి పైకి ఒప్పుకునేది కాదుగానీ, అసిరమ్మ పెరట్లో కాపు విరగబడి కాస్తుంది. బీర, ఆనప, చిక్కుడు, ఏది పెట్టినా గోడెక్కి వేలాడుతుంది. నాగమణి పెరట్లో ఒకే ఒక్క ఆనపపాదు, దానికి ఒక్క కాయ లేదు.

ఒక్క పాదే కదా అని తీసిపారేయకండి. ఆ పాదు వెనక ఒక ఊరుంది. ఉంది అనకూడదు, ఉండేది. ఎనభై ఆరు శ్రావణంలో గోదావరి వచ్చినప్పుడు నాగమణి పుట్టిన లంక సగానికి సగం కోతపడి ఏట్లో కలిసిపోయింది. మనుషులు పడవలెక్కి బతికారు. ఇళ్ళు పోయాయి, చేలు పోయాయి, అటకల మీద దాచుకున్న విత్తనాల కుండలూ పోయాయి. వాళ్ళ లంకలో మెడ ఆనప అని ఒక రకం ఉండేది. సన్నటి మెడ, లేతాకుపచ్చ ఒళ్ళు, కూర వండితే వెన్నలా కరిగిపోయేది. ఆ చుట్టుపక్కల ఇంకే ఊళ్ళోనూ లేదు. మిగిలిన గింజలల్లా నాగమణి కాపరానికి వచ్చినప్పుడు ఎండిన ఆనపబుర్రలో తెచ్చుకుని గూట్లో పడేసి మర్చిపోయినవి. వరద తరవాత గుర్తొచ్చి చూస్తే పురుగు తిన్నవి పోగా పదకొండు తేలాయి. తమ్ముడు అబ్బులు గట్టు మీది ఊళ్ళో కొత్తగా ఎకరం కౌలుకి తీసుకున్నాడు. వచ్చే కార్తీకానికి లంక ఆనపే వేస్తానని, గింజ పంపమని ఉత్తరం రాశాడు. పంపుతానని నాగమణి మాటిచ్చింది.

మాటిచ్చి, ఆరు గింజలు అప్పటికప్పుడే చంపేసింది. లంకలో కార్తీకంలో ఏరు తీసిన ఒండ్రులో గింజ గుచ్చి ఊరుకుంటారు. నీళ్ళు పోసేవాణ్ణి చూస్తే నవ్వుతారు. వేరు తన తడి తానే వెతుక్కుంటుంది. నాగమణి ఇక్కడా అలాగే గుచ్చి ఊరుకుంది. కొండవాలు ఎర్రమట్టి, సగం గులకరాయి, రెండు రోజులకే పెంకులా ఎండిపోయింది. ఆరు మొలకలూ ఆ పెంకులోనే మాడాయి. మిగిలిన ఐదూ తొలకరి దాకా ఆగి పెట్టింది. మూడు మొలిచాయి, రెండిటిని నత్తలు తిన్నాయి, ఒకటి నిలిచింది. ఎండలున్నన్నాళ్ళూ దానికి మగపూలే పూశాయి. కాస్త మబ్బు పట్టి చల్లబడ్డాక పిందెతో ఆడపూలు మొదలయ్యాయి. ప్రతి పిందే రెండో రోజుకి పసుపెక్కి, మూడో రోజుకి రాలిపోతోంది. ఇదిగో, ఇప్పుడీ ఒలిచిన పూలు.

పిందెలు రాలడానికీ పూలు ఒలవడానికీ నాగమణి మనసులో ముడి పడిపోయింది. ఆ రాత్రి అన్నం పెడుతూ చలమయ్యతో చెబితే, ఏ ఉడతో అయుంటుందన్నాడు. ఉడత చుట్ట తాగుతుందా అని ఆమె అడిగింది. ఆయన పప్పులో నెయ్యి వేసుకున్నాడు.

మర్నాడు సాయంత్రం నాగమణి పాలగిన్నె పట్టుకుని వీధిలోకి వెళ్ళినట్టే వెళ్ళి, వెనక్కి తిరిగొచ్చి వంటింటి కిటికీ రెక్క వెనక నిలబడింది. సముద్రం వైపు నుంచి గాలి విసిరి కొడుతోంది. పందిరి మీది ఆకులన్నీ ఒక పక్కకి ఒరిగిపోతున్నాయి. ఆనపపూలు అప్పుడప్పుడే విచ్చుకుంటున్నాయి. కాసేపటికి గోడ సందులోంచి అసిరమ్మ వచ్చింది. అటూ ఇటూ చూసింది. ఒక మగపువ్వు గిల్లి, చకచకా రెక్కలు ఒలిచి, ఆకుల్లోకి వంగింది. వంగి ఏం చేస్తోందో కిటికీ నుంచి కనపడలేదు. నోట్లో అడ్డపొగ, పెదాలు బిగించి ఉన్నాయి. మరో పువ్వు గిల్లింది, మళ్ళీ వంగింది. లేచేటప్పుడు బొడ్లోంచి ఏదో తీసి, మళ్ళీ దోపుకుంది.

నాగమణి కిటికీ రెక్క దగ్గరికి లాక్కుంది. అప్పుడే తలుపు తీసి అడిగి ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది. అడగలేదు. భయం వేసిన మనిషి ఒంటరిగా అడగదు, నలుగుర్ని పోగేసుకుని అడుగుతుంది.

ఆ నలుగురూ పొద్దున్నే కుళాయి దగ్గర దొరికారు. సందు మొత్తానికి ఒకటే కుళాయి, గంటసేపే నీళ్ళు. బిందెలు వరసలో ఉన్నాయి. అసిరమ్మ వచ్చి తన బిందె పెట్టగానే నాగమణి గొంతు పెంచి అడిగింది.

"అసిరమ్మగారూ, సందేళ నా పాదులో మీకేం పనండీ? నా పూలు ఎందుకు తెంపుతున్నారు?"

అసిరమ్మ తలెత్తి చూసింది. చెప్పబోయినట్టు నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. నాగమణి రెండోసారి అడిగింది. ఆవిడ ఖాళీ బిందె చంకనెత్తుకుని ఇంట్లోకి వెళ్ళిపోయింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుందని వెనకనుంచి ఎవరో అంటే అందరూ నవ్వారు.

పాపాయమ్మ మాత్రం నవ్వలేదు. ఇంటావిడ కదా, ఆ సందులో ఆవిడ మాటకి బరువెక్కువ. నాగమణిని పక్కకి పిలిచి, పువ్వు రెక్కలు ఒలవడం, మాటాడకుండా చెయ్యడం, పొద్దుగూకే వేళ రావడం, ఇవన్నీ దేనికి గుర్తులో తనకి తెలుసునంది. "నానేటీ అనను గానీ, మా కన్నోరి ఊర్లో ఇలాగే ఒక ముసిల్ది సేసీది. సిల్లంగి" అంది. ఏమీ అనను అంటూనే చేతబడి అని అనవలసినదంతా అనేసింది.

ఆ రోజు నుంచి కుళాయి దగ్గర అసిరమ్మ బిందెకి ముందూ వెనకా జాగా ఏర్పడింది. ఆవిడ పట్టుకున్నాక కుళాయి కడిగిగానీ ఎవరూ బిందె పెట్టడం లేదు. అసిరమ్మ అందరి తరవాత వచ్చి, అడుగు నీళ్ళు దొరికితే అవే పట్టుకుపోతోంది. ఎవరితోనూ పోట్లాడలేదు. తప్పు చెయ్యకపోతే ఎందుకు పోట్లాడదు అని నాగమణి తనకి తాను చెప్పుకుంది. గోడ సందుకి తుమ్మకంప కట్టింది. పాలకి చలమయ్యని పంపి, సందేళ పాదు దగ్గరే కూర్చుంటోంది. కాపలా పెట్టాక కూడా పిందెలు రాలుతూనే ఉన్నాయి. అయితే చిల్లంగి గోడ దూకి రానక్కర్లేదేమో అనుకుంది.

వారం తిరిగాక ఒక పొద్దున పందిరి సరిచేస్తూ గోడ వైపు తీగ ఎత్తి చూస్తే, నాలుగు ఆకులు పొందిగ్గా కప్పినచోట కాయ కనిపించింది. మణికట్టంత లావు, బెత్తెడు పొడుగు, అప్పుడే మెడ సన్నబడుతోంది. అచ్చంగా లంక ఆనప. నాగమణి గుండె గంతేసింది. కాయని రెండు చేతుల్లోకీ తీసుకుంది. అప్పుడు తొడిమ కనిపించింది. తొడిమకి నల్లదారం మూడు చుట్లు చుట్టి, ముడి వేసి, ఆ ముడిలో చిన్న గుడ్డపీలిక కట్టి ఉంది.

కాయ వదిలేసి పాపాయమ్మ దగ్గరికి పరిగెత్తింది. పాపాయమ్మ వచ్చి దూరం నుంచే చూసింది, ముట్టుకోలేదు. కట్టు కట్టేసినారంది. ఈ కాయ గింజ ఏ నేలలో పడితే ఆ నేల కట్టుబడిపోతుందని, ఇక అక్కడ గడ్డి కూడా మొలవదని చెప్పింది. నాగమణికి అబ్బులు కౌలు చేను కళ్ళ ముందు కనిపించింది. ఒకసారి ఏరు తినేసిన చేను, రెండోసారి తన చేతి గింజతో పోతుందా? లోపలికి వెళ్ళి కత్తి తెచ్చింది. కోస్తున్నప్పుడు ఏడుస్తూనే ఉంది. కాయని గుడ్డలో చుట్టి తీసుకెళ్ళి గెడ్డ నీళ్ళలో పారేసింది. అంతకుముందు, ఎందుకో ఆగలేక, ఒక్కసారి చీల్చి చూసింది. లోపల గింజలు ఇంకా పాలు కూడా గట్టిపడని తెల్లపొరలు.

ఆ సాయంత్రం వీధి తలుపు చప్పుడైంది. తీస్తే అసిరమ్మ. ఆవిడ ఆ గుమ్మం ఎక్కడం అదే మొదటిసారి. నోట్లో చుట్ట లేదు.

"కాయేదే?" అంది.

నాగమణి గడపకి అడ్డంగా నిలబడి, కోసి పారేశానని చెప్పింది. మీరు కట్టిన కట్టు గెడ్డలోనే కలిసిందంది. అసిరమ్మ గుమ్మం పట్టుకుని మెట్టు మీద కూలబడింది. కాసేపు కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఇంక దాసీడానికేటుంది, కాయే నేదు" అంది చివరికి. "మీ లంకలో ఎలాగుంతాదో నాకు తెల్దు. ఇక్కడ ఆనపపువ్వు ఇచ్చుకునీ ఏళకే సముద్రం గాలి కొడతాది. ఆ గాల్లో రెక్కలపురుగు వాలనేదు. పురుగు వాలకపోతే మగపువ్వు పొడి ఆడపువ్వుకి ఎలాగెల్తాది? పిందె ఎలాగ నిలుస్తాది? మావంతా సేత్తోటే సేత్తాం. పువ్వుకి పెళ్ళి సెయ్యడం అంతాం."

నాగమణికి లంకలో సందేళ పందిరి చుట్టూ తిరిగే పెద్ద రెక్కలపురుగులు గుర్తొచ్చాయి. ఈ పందిరి దగ్గర ఇన్నాళ్ళు కాపలా కూర్చుని ఒక్కటీ చూడలేదు. చూడలేదని కూడా ఇప్పుడే తెలిసింది.

దారం ఎందుకు కట్టారని అడిగింది.

"ఇత్తనానికి ఉంచిన కాయ అని. కూరకి కోసీకుండా. మీ ఊర్లో కట్టరేటి?"

కట్టరు. లంకలో విత్తనం కాయకి సున్నంబొట్టు పెడతారు. నల్లదారం అక్కడ దిష్టికీ దెయ్యానికీ తప్ప ఇంకెందుకూ వాడరు. ఇంత చిన్న సంగతి ఐదేళ్ళలో ఒక్కసారైనా గోడ మీదుగా అడిగి ఉంటే తెలిసేది.

"మరి కుళాయి దగ్గర అడిగినప్పుడు చెప్పచ్చు కదండీ? నలుగురిలో అన్ని మాటలు ఎందుకు పడ్డారు?"

"పెళ్ళి సేసినాక పిందె జానెడయ్యీదాకా ఎవరికీ సెప్పకూడదు. సెప్తే రాలిపోద్ది. మా అత్త సెప్పింది, ఆళ్ళత్త ఆవిడికి సెప్పింది. ఉత్తరం వొచ్చినప్పుడల్లా నువ్వు గింజ గింజ అని మీ ఆయనకాడ ఏడుత్తంటే గోడవతల ఇన్నాను. కుళాయికాడ నువ్వు అడిగిన రోజుకి పిందె ఏలంత ఉంది. నోరిప్పితే పోద్దని ఊరుకున్నాను. ఇంకో నాలుగు రోజులైతే నానే వొచ్చి సెప్పీదాన్ని."

నాగమణి అక్కడే గడప మీద కూర్చుండిపోయింది. ఒక మనిషి తన గింజ కోసం నోరు కట్టేసుకుంటే, ఆ మౌనాన్నే సాక్ష్యం చేసి తాను శిక్ష వేసింది. తప్పైపోయిందని ఏదో అనబోతే అసిరమ్మ చెయ్యి అడ్డం పెట్టి, కొసన ఇంకో ఆడమొగ్గ ఉందని, రేపు సందేళకి విచ్చుకుంటుందని చెప్పింది. పాదు ముదిరిపోయింది, బహుశా అదే ఆఖరిదంది. మీరే చెయ్యండని నాగమణి బతిమాలింది. అసిరమ్మ ఒప్పుకోలేదు. తన చెయ్యి పడితే మళ్ళీ నలుగురూ ఏదో అంటారంది. ఎలా ఒలవాలో, ఎలా రాయాలో గాల్లోనే చూపించి వెళ్ళిపోయింది.

మర్నాడు ఆ గాల్లోనే నాగమణి పువ్వుకి పెళ్ళి చేసింది. మొదటి మగపువ్వు రెక్కలు ఒలుస్తుండగానే జారి నేలపాలైంది. రెండోదానితో మెల్లిగా రాసి, తొడిమకి నల్లదారం తానే కట్టింది. మూడో రోజు పిందె పసుపెక్కలేదు. నాలుగో రోజు తల కిందికి వాల్చింది, అంటే నిలిచిందన్నమాట. ఐదో రోజుకి బొటనవేలంత అయింది. నాగమణి ఎవరికీ చెప్పలేదు. చలమయ్యకి కూడా చెప్పలేదు.

కానీ కుళాయి దగ్గర ఏదీ మారలేదు. ఎలా మారుతుంది? తెలిసిన మనిషి నోరు మూసుకుంది. నాగమణి తన బిందె తీసుకెళ్ళి అసిరమ్మ బిందె పక్కన పెడితే, మంచిదానివి మోసపోతున్నావని ఆడవాళ్ళు దాన్ని దూరంగా జరిపారు. ఇంకొన్నాళ్ళే కదా, పిందె జానెడయ్యాక చెబుదామని మనసుకి సర్దిచెప్పుకుంది. ఆ రోజే అబ్బులు కార్డు వచ్చింది. చేను దున్నించానని, గింజ సంగతి ఏమైందని రాశాడు.

ఆరో రోజు పొద్దున పాపాయమ్మ కుళాయి దగ్గరే, అందరూ వింటుండగా, నెలాఖరుకి వాటా ఖాళీ చెయ్యమని అసిరమ్మతో చెప్పింది. పిల్లలున్న సందులో ఇలాంటివాళ్ళని పెట్టుకోలేనంది. అసిరమ్మ ఒక్కసారి నాగమణి వైపు చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

చెబితే పిందె రాలుతుందని నాగమణి నమ్మిందా అంటే, నమ్మింది. చిల్లంగిని నమ్మి కాయ కోసిన మనిషికి, దీన్ని చూసి నవ్వే హక్కు ఎక్కడిది? పదకొండు గింజల్లో మిగిలింది ఆ బొటనవేలంత పిందె. అయినా బిందె కింద పెట్టి, ఆ రోజు అడిగిన గొంతుతోనే మొదలుపెట్టింది.

"పాపాయమ్మగారూ, తప్పు నాదండీ. ఈవిడ నా పాదుకి ఏ చిల్లంగీ పెట్టలేదు. గాలికి పురుగు వాలడం లేదని చేత్తో పువ్వుకి పువ్వు రాసి నాకోసం కాయ నిలబెట్టింది. ఆ కాయ నేను కోసేశాను. మొన్న ఇంకో పువ్వుకి నేనే రాశాను, నల్లదారం నేనే కట్టాను. కావాలంటే రండి, చూపిస్తాను. చిల్లంగి అయితే నాది కూడా చిల్లంగే, నన్ను కూడా ఖాళీ చెయ్యమనండి."

బిందె నిండి పొర్లిపోతున్నా ఎవరూ తియ్యలేదు. పాపాయమ్మ ఖాళీ చెయ్యమన్న మాట మళ్ళీ ఎత్తకుండా కొంగు సర్దుకుంది. అసిరమ్మకి మాత్రం కోపం వచ్చింది. ఇన్నాళ్ళూ ఎవరేమన్నా రాని కోపం అప్పుడొచ్చింది.

"సెప్పీసినావేటే? నాను ఎక్కడికెల్లినా బతుకుతాను. ఆ గింజ పోతే ఇంకెక్కడ దొరుకుద్ది?"

"పోతే ఏడుస్తాను పిన్నీ. మా తమ్ముడికి కూడా ఉన్నదున్నట్టే రాస్తాను. మిమ్మల్ని ఇల్లు వెళ్ళగొట్టించి ఆ గింజ ఏ మొహంతో పంపను?"

అసిరమ్మ ముక్కు చీదింది. బిందె అక్కడే వదిలేసి నాగమణి చెయ్యి పట్టుకుంది. పిందె ఉందో పోయిందో చూద్దాం పదమని, అందరూ చూస్తుండగా, వీధి గుమ్మంలోంచే ఆమెని పాదు దగ్గరికి నడిపించుకుపోయింది.